మూడు కోట్లకి మూడు సెంట్లు

పోయినేడు కనుమ నాడు నరసాపురం దగ్గర మా ఊళ్లో అరుగు మీద కూర్చుని నెదర్లాండ్స్‌లో ఇల్లు కొన్నాను. అంటే ఆ రోజుకి కొన్నట్టు కాదు, బిడ్ పంపాను. అక్కడ మధ్యాహ్నం 12 గంటలకి గడువు, మనకి సాయంత్రం నాలుగున్నర. పక్క తోటలో కోడిపందాల బరి, మైకు హోరు, ఒళ్లో లాప్‌టాప్, వస్తూ పోతూ ఉన్న నెట్, అక్కడి నుంచి మా ఆవిడ "పంపావా, పంపావా" అని మెసేజీలు. ఎదురుగా పడక్కుర్చీలో మా నాన్న, అసలు సంగతి మొదటి నుంచి చెప్పమని.

చెప్పాను. ఊరు లెలీస్టాడ్, ఆమ్‌స్టర్‌డామ్‌కి రైల్లో 40 నిమిషాలు. వరస ఇళ్లలో మధ్య ఇల్లు, అటూ ఇటూ గోడలు పక్కవాళ్లతో ఉమ్మడి. కింద హాలూ వంటిల్లూ, పైన మూడు గదులు, వెనకాల చిన్న తోట. స్థలం 130 చదరపు మీటర్లు. అడుగుతున్నది 3,15,000 యూరోలు.

నాన్న వేళ్ల మీద లెక్కేశాడు. "నూట యాభై అయిదు గజాలు. మూడు సెంట్లు కాస్త పైన. మూడు కోట్లకి మూడు సెంట్లేంట్రా?" ఆ డబ్బుకి ఇక్కడ ఎన్నెకరాల కొబ్బరితోట వస్తుందో కూడా చెప్పాడు కానీ అది రాయను, మళ్లీ కడుపు మండుతుంది.

మజా ఏంటంటే అక్కడి మన తెలుగువాళ్లేమో దీన్ని చవక పేట అంటారు. చాలామంది ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వేన్ వైపే ఉంటారు, "లెలీస్టాడా? అంత దూరమా?" అని ముఖం అదోలా పెడతారు. అదే డబ్బుకి ఆ వైపు చూస్తే మాకు దొరుకుతున్నది రెండు గదుల ఫ్లాటు, దానికి నెలనెలా ఓనర్ల సంఘానికి మెయింటెనెన్సు వేరే. మాకు ఇద్దరు పిల్లలు. నేను ఆఫీసుకి వెళ్లేది వారానికి రెండు రోజులు. ఆ రెండు రోజుల రైలు కోసం జీవితాంతం ఇరుకులో ఉండడం ఏం తెలివో నాకైతే అర్థం కాలేదు.

"సర్లే, ఊరు పల్లమా మెరకా?" అన్నాడు నాన్న.

ఏడాదిన్నరగా ఫుండా అనే సైట్లో ఇళ్లు చూస్తున్నా, పదకొండు ఇళ్లకి బిడ్ వేసి ఓడిపోయా, ఇంతమంది ఇన్ని సలహాలిచ్చారు, ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. గోదావరి మనిషి కదా, ముందు నీళ్ల సంగతే అడుగుతాడు. 1986 వరద తర్వాత మా తాత ఇంటి పునాది మూడడుగులు లేపించాడు, 2022 జులైలో లంకల్లోని మా మేనత్త వాళ్లు నాలుగు రోజులు డాబా మీదే ఉన్నారు.

పల్లమే, సముద్ర మట్టానికి మూడు నాలుగు మీటర్లు కింద అని చెప్పాను. నాన్న లేచి కూర్చున్నాడు. ఆ నేల 1957 దాకా నీళ్ల అడుగున ఉంది, అంటే నాన్నకి రెండేళ్లు వచ్చేదాకా ఆ ఊరు చేపల చోటు. చుట్టూ కట్ట వేసి, పంపులతో నీళ్లు తోడేసి, నేల ఆరబెట్టి ఊరు కట్టారు. ఆ పథకం వేసిన ఇంజినీరు కార్నెలిస్ లెలీ పేరే ఊరికి పెట్టారు, విగ్రహం కూడా ఉంది. "అయితే వాళ్ల కాటన్ దొరన్నమాట" అని నాన్న కాస్త కుదుటపడ్డాడు. చాలా పేటలవి పడవల పేర్లు. మేం చూసిన పేట పేరు యోల్, చిన్న పడవ. దాని చుట్టుపక్కల బొట్టర్, పుంటర్, అన్నీ పడవలే.

"పంపులు ఆగితే?" "ఆగవు నాన్నా, దానికి వేరే బోర్డు ఉంది, ఏటా నీటి పన్ను కట్టాలి, నాలుగేళ్లకోసారి ఆ బోర్డుకి ఎన్నికలు." "మనకీ నీటి సంఘాలున్నాయిగా" అని కాలవ వైపు చూశాడు. కాలవ నిండా గుర్రపుడెక్క. ఆ మాట అక్కడితో ఆపేశాం.

తర్వాత పునాది. డచ్చివాళ్ల పాత ఊళ్లలో, ఆమ్‌స్టర్‌డామ్, జాన్‌డామ్ లాంటి చోట్ల, పాత ఇళ్లు బురదలోకి దించిన కర్ర దుంగల మీద నిలబడతాయి. ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డున ఉన్న రాజభవనం కింద 13,659 దుంగలు ఉన్నాయి. నీళ్లలో మునిగి ఉన్నంత కాలం వాటికేం కాదు, భూగర్భ జలం దిగిపోయి తలలకి గాలి తగిలితే పుచ్చిపోతాయి, ఇల్లు ఒరుగుతుంది, బాగుచేయించాలంటే లక్ష యూరోలు దాటిపోవచ్చు. చవగ్గా వస్తోందని పాత ఇల్లు కొనేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. నాకు ఇది బుర్రకెక్కడానికి మూడు వీడియోలు పట్టింది. నాన్నకి అర నిమిషం. "రేవులో తాటి పట్టె చూళ్లేదూ, నీళ్లలో ఉన్న ముక్క రాయిలా ఉంటది, పైనున్న ముక్క చెదపట్టి పోద్ది" అన్నాడు. మా ఇల్లు 1970ల చివర్లో కట్టింది, కింద నేలలోకి దించిన కాంక్రీటు స్తంభాలు (పైల్స్). అయినా షరతు పెట్టుకుని ఇన్‌స్పెక్షన్ చేయించాం. ఇల్లు కదలదు, తోట మాత్రం కుంగుతూ ఉంటుంది అని రాశాడు ఇన్‌స్పెక్టరు.

ఈలోగా అమ్మ వచ్చింది. ఫోటోలు చూసి, వెనక తోట దక్షిణం అంటే వీధి గుమ్మం ఉత్తరం, పర్వాలేదంది. అక్కడ ప్రకటనల్లో "దక్షిణపు తోట" అని గొప్పగా రాసుకుంటారు, ఎండ కోసం. మన వాస్తు, వాళ్ల ఎండ ఒకే ఇంట్లో కుదిరాయి అనుకునేలోపు ప్లాన్ చూసింది. "గుమ్మం పక్కనే మరుగుదొడ్డేంటి!" ఆ దేశంలో వరస ఇళ్లలో చాలా వాటికి అంతే అని ఎంత చెప్పినా ఇప్పటికీ ఒప్పుకోలేదు.

టైము నాలుగు. అసలు టెన్షన్ ఇక్కడే. దేవుడి మాన్యం వేలంపాటలో అయితే ఎదుటివాడి పాట మన చెవిన పడుతుంది. అక్కడ ఎవరు ఎంత వేశారో తెలీదు, గుడ్డిగా ఒక అంకె పంపాలి. మా తరఫు ఏజెంటు 3,31,000 అన్నాడు. అదే పేటలో ఏ ఇల్లు ఎంతకి అమ్ముడైందో భూమి రిజిస్టరు కాడాస్టర్‌లో కొంచెం రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, ఆ లెక్కతో చెప్పాడు. కాగితం మీద ఒక రేటు, చేతిలో ఒక రేటు అనేది లేదంటే నాన్న నమ్మలేదు. నమ్మలేదు గానీ "చివర సున్నాలు ఉంచకు, నూటపదహారు చేర్చు" అన్నాడు. 3,31,116 పంపాను. నాలుగూ ఇరవై రెండుకి.

రాత్రి తొమ్మిదింటికి ఫోన్. ఇల్లు మాదే. ఈ 116 ఏంటని ఏజెంటు నవ్వాడు. తర్వాత బిడ్ల లాగ్ చూస్తే రెండోవాళ్లది 3,28,500, అంటే నూటపదహారుతో పనేం లేదు, కానీ నాన్న మాత్రం ఇల్లు దాని వల్లే వచ్చిందని ఊరంతా చెప్పాడు.

ఇక డబ్బు సంగతి, ఇది అడిగేవాళ్లే ఎక్కువ. అక్కడ బ్యాంకు ఇంటి విలువకి నూటికి నూరు అప్పిస్తుంది. విలువకి, బిడ్‌కి కాదు. మా ఇంటికి వాల్యుయేషన్ 3,25,000 వచ్చింది, ఆ 6,116 మా జేబులోంచే. నోటరీ, వాల్యుయేషన్, లోన్ సలహాదారు, ఏజెంటు, ఇన్‌స్పెక్షన్ అన్నీ కలిపి ఇంకో పది వేలు పైనే. 2 శాతం బదిలీ పన్ను తప్పింది: ఇద్దరం 35 లోపు, మొదటి ఇల్లు, ధర 5,25,000 దాటలేదు (2025 లెక్క, ఏటా మారుతుంది). ఒక హద్దు లోపు ఇళ్లకి (2025లో అది 4,50,000) జాతీయ గ్యారంటీ ఒకటుంది, అప్పు మీద 0.4 శాతం ఒకేసారి కట్టాం. వడ్డీ కాస్త తగ్గింది. ఉద్యోగం పోయి నష్టానికి అమ్ముకోవాల్సి వస్తే మిగిలిన బాకీ, షరతులకి లోబడి, అది చూసుకుంటుంది. చవక పేటలో కొనడంలో ఉన్న అసలు లాభం నా దృష్టిలో ఇదే, ఈ హద్దులన్నిటికీ లోపల పడతావు.

"బయానా ఎంతిచ్చావు?" అని అడిగాడు నాన్న. సంతకం అయ్యాక కూడా కొన్నవాడికి మూడు రోజుల గడువుంటుంది, కారణం చెప్పకుండా వద్దనొచ్చు, ఆ తర్వాతే పది శాతానికి బ్యాంకు గ్యారంటీ అంటే, ఇంత మంచి పద్ధతి మన దగ్గర పెడితే ఎంతమంది మిగిలేవారో అన్నాడు. రెండేళ్ల కిందట ఆయనకీ ఒక సైటు మీద బయానా పోయింది లెండి.

ఏప్రిల్లో రిజిస్ట్రేషన్. మాకు డచ్చి అంతగా రాదని నోటరీ ఆఫీసుకి దుబాసీని పెట్టుకోవాల్సి వచ్చింది. తాళం తీసి లోపలికి వెళ్తే పై గదుల్లో నేల లేదు! లామినేట్ పీక్కుని పట్టుకెళ్లారు, కర్టెన్లు, బల్బులతో సహా. తప్పు మాదే, ఏవి ఉంచుతారో ఏవి తీసుకుపోతారో జాబితా ముందే ఇచ్చారు, సరిగ్గా చదవలేదు.

పదిహేడో శతాబ్దంలో ఈ డచ్చివాళ్లే పాలకొల్లూ నరసాపురం వచ్చి మన బట్టలు కొని ఓడలకెత్తేవాళ్లు. నరసాపురంలో వలంధర రేవుకి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చిందంటారు. ఇప్పుడు నేను వాళ్ల దేశంలో ముప్పై ఏళ్ల అప్పు మీద ఉన్నాను.

ఈ సంక్రాంతికి మళ్లీ అదే అరుగు. తోట ఏమైందని అడిగాడు నాన్న. రెండంగుళాలు కుంగింది, గుమ్మం దగ్గర పలకలు దిగాయి, అక్కడ అందరూ కొన్నేళ్లకోసారి ఇసుక పోయించుకుంటారట అన్నాను.

"మెరక తోలించు. ఒక ట్రక్కు చాలు."

ట్రాక్టర్ రాదు నాన్నా, పెద్ద గోతంలో ఇసుక తెచ్చి వీధిలో దించి వెళ్లిపోతారు, వెనక సందులోంచి చక్రాల బండితో మనమే మోసుకోవాలి అని చెప్పాను.

"మూడు కోట్లు పెట్టి, ట్రాక్టర్ కూడా రాని ఇల్లు కొన్నావురా నువ్వు" అన్నాడు.