రక్తం పడ్డచోట హైపో: ఎంత కలపాలి, ఎప్పుడు పోయాలి

లేబర్ రూంలో టేబుల్ కింద రక్తం పడింది. చాలాచోట్ల జరిగేది ఇదే: ఆయా హైపో (సోడియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ మందు) క్యాన్ తెచ్చి రక్తం మీదే గుమ్మరిస్తుంది, ఘాటు వాసన గుప్పుమంటుంది, వెంటనే మాప్ వేసి లాగేస్తుంది. వాసన వచ్చింది కదా, క్రిములు పోయాయని అందరికీ ధైర్యం. ఆ ధైర్యానికి ఆధారం లేదు. చిక్కటి రక్తం తగిలితే క్లోరిన్ ఆ రక్తంలోని ప్రొటీన్ల మీదే ఖర్చైపోతుంది, అడుగుదాకా అందదు. పైగా హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. కంటికి కనిపించని ఆ పల్చటి పొర చాలు.

అందుకే ముందు రక్తాన్ని ఎత్తేయాలి, హైపో ఆ తర్వాత.

ఎవరూ తొక్కకుండా ఆ చోటుకు ఒక స్టూలు అడ్డం పెట్టండి. మందపాటి రబ్బరు గ్లవ్స్, ప్లాస్టిక్ ఏప్రాన్, మాస్క్, కళ్లద్దాలు, కాళ్లకు మూసి ఉండే చెప్పులు వేసుకోండి. పగిలిన వయల్ (ఇంజెక్షన్ మందు సీసా), సూది ఉన్నాయేమో ముందే చూసుకోవాలి. ఉంటే ఫోర్సెప్స్‌తో (పట్టకారుతో) తీయాలి, గ్లవ్స్ ఉన్నాయి కదా అని చేత్తో ఎత్తకూడదు. సూది తెల్ల డబ్బాలోకి, గాజు నీలం డబ్బాలోకి వెళ్లాలి. తర్వాత పాత గుడ్డలు గానీ, తడి పీల్చే కాగితాలు గానీ రక్తం మీద పరిచి, బయటి అంచు నుంచి మధ్యలోకి ఒత్తుతూ ఎత్తి పసుపు సంచిలో వేయాలి. మధ్య నుంచి బయటికి తుడిస్తే గుప్పెడు మరక గజం మరకవుతుంది. ఆపైన సబ్బు నీళ్లతో ఒకసారి తుడవండి. ఇప్పుడు 1 శాతం హైపో పోసి 10 నిమిషాలు తడిగా ఉంచండి.

ఈ "తడిగా" అన్నదే సరిగ్గా జరగదు. పైన ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతుంటే పల్చగా పూసిన హైపో చూస్తుండగానే ఆరిపోతుంది. ఆరిందంటే పని ఆగిపోయినట్టే. కిటికీలు తెరిచి ఆ ఒక్క ఫ్యాన్ ఆపండి, లేదా హైపోలో తడిపిన గుడ్డ ఆ చోట పరిచి ఉంచండి. 10 నిమిషాలయ్యాక మామూలు నీళ్లతో తుడిచేయాలి. గ్లవ్స్ తీశాక చేతులు సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగాలి.

కొన్ని వార్డుల్లో గోడ మీది చార్టు "ముందు గుడ్డ కప్పి, దాని మీద హైపో పోయండి" అంటుంది. ఎత్తేవాళ్లకు ప్రమాదం తగ్గుతుంది కాబట్టి అందులో తప్పు లేదు. కానీ దాంతో పని అయిపోలేదు. ఎత్తి, సబ్బు నీళ్లతో తుడిచాక కొత్త హైపో మళ్లీ పోయాల్సిందే.

ఇక కొలత దగ్గర జరిగే తప్పు ఇంకా పెద్దది. గోడ మీద "ఒక వంతు హైపో, 4 వంతుల నీళ్లు" అని రాసి ఉంటుంది. అది 5 శాతం క్యాన్‌కు రాసిన లెక్క. ఈసారి సప్లయర్ 10 శాతం క్యాన్ పంపితే అదే కొలత 2 శాతం అవుతుంది. కళ్లు మండుతాయి, స్టీలు పాడవుతుంది. 10 శాతం క్యాన్‌కు రాసుకున్న లెక్క 5 శాతం క్యాన్‌కు వాడితే బలం సగానికి పడిపోతుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. కాబట్టి కొత్త క్యాన్ వచ్చిన ప్రతిసారీ లేబుల్ చదవాలి. లెక్క తేలికే: క్యాన్ శాతాన్ని కావలసిన శాతంతో భాగించి ఒకటి తీసేస్తే, ఒక వంతు హైపోకు ఎన్ని వంతుల నీళ్లో వస్తుంది. 5 శాతం నుంచి 1 శాతం కావాలంటే 200 మి.లీ. హైపో, 800 మి.లీ. నీళ్లు. 10 శాతం క్యాన్ అయితే 100, 900. మంచం రెయిలింగులు, లాకర్లు, తలుపు పిడులకు 0.1 శాతం చాలు: 5 శాతం క్యాన్ నుంచి 20 మి.లీ. తీసుకుని లీటరుకు నింపాలి. మూతతో కొలవొద్దు, క్యాన్ మారితే మూత కూడా మారుతుంది. గీతలున్న ప్లాస్టిక్ జార్ ఒకటి దీనికే కేటాయించండి.

"10 శాతం హైపో చెయ్యమ్మా" అని సిస్టర్ చెప్తే ఒకరికి 10 శాతం బలమున్న ద్రావణం అని అర్థమవుతుంది, ఇంకొకరికి క్యాన్‌లోది పదో వంతు కలపమని అర్థమవుతుంది. రెంటికీ ఎక్కడా పొంతన లేదు. మి.లీ.లలోనే చెప్పండి.

బ్లీచింగ్ పౌడర్ వాడేచోట, అందులో క్లోరిన్ 33 శాతం ఉంటే లీటరు నీళ్లకు 30 గ్రాములు వేస్తే సుమారు 1 శాతం వస్తుంది. ప్లాస్టిక్ బకెట్లో ముందు నీళ్లు పోసి, పొడి అందులో వేసి కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట వాడాలి. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు డాక్టర్ల చేత, వైద్య విద్యార్థుల చేత చేతులు కడిగించింది ఇలాంటి సున్నపు క్లోరిన్ నీళ్లతోనే. శవపరీక్ష గది నుంచి వచ్చిన చేతుల వాసన సబ్బుకు పోక, దీనికి పోయింది. బాలింత మరణాలు బాగా తగ్గాయి. ఇప్పుడు చేతులకు సబ్బు, ఆల్కహాల్ రబ్ ఉన్నాయి, క్లోరిన్ నీళ్లు అక్కర్లేదు. ఇక గడ్డకట్టి చెమ్మెక్కిన పౌడర్ బస్తా ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, అందులో బలం మిగలదు.

హైపోకు ఎండ, వేడి పడవు. మన దగ్గర మే నెలలో రేకుల గదిలో ఉంచిన క్యాన్ లేబుల్ మీద 5 శాతం అనే ఉంటుంది, లోపల మాత్రం అంత ఉండదు. నీడన, చల్లటి చోట, వెలుతురు దూరని క్యాన్‌లో ఉంచండి. వేడినీళ్లతో కలపొద్దు. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో అసలే కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వచ్చి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మూత్రం పడ్డచోట కూడా ముందు బాగా పీల్పించి తుడిచాకే హైపో వాడాలి; మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరాడనివ్వని వాయువులు వస్తాయి. స్ప్రే చేయడం కూడా మానేయండి. తుంపర పడనిచోట క్రిమి అలాగే ఉంటుంది, కొట్టేవాళ్ల ముక్కులోకి మాత్రం మందు పోతుంది.

ఎత్తేటప్పుడు సూది గుచ్చుకుంటే అక్కడ హైపో పోయకండి, వేలు పిండకండి. సబ్బు, పారే నీళ్లతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా వేసే మందు వీలైతే 2 గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. తిడతారని దాచుకునే ఆయాలు, వార్డు బాయ్‌లు చాలామంది. చెప్పినవాళ్లను తిట్టకుండా చూసుకోవడం సిస్టర్ల బాధ్యత.

వార్డు నేలకు రోజూ హైపో అక్కర్లేదు, సబ్బు నీళ్లు సరిపోతాయి. ఓటీ (ఆపరేషన్ థియేటర్), లేబర్ రూంలకు మూడు బకెట్లు: ఒకదాంట్లో సబ్బు నీళ్లు, రెండోదాంట్లో మాప్ జాడించే మంచినీళ్లు, మూడోదాంట్లో హైపో. జాడించే నీళ్లు మురికవగానే మార్చాలి. లేకపోతే ఆ మురికి మూడో బకెట్లోకి చేరి హైపోను తినేస్తుంది. బకెట్ మీద టేపు అంటించి కలిపిన టైము, శాతం, కలిపినవాళ్ల పేరు రాయండి. షిఫ్టు మారగానే పారబోసి కొత్తది కలపండి. మాప్ ఉతికి, తల పైకి పెట్టి, ఎండలో ఆరేయండి. బకెట్లోనే వదిలేస్తే తెల్లారేసరికి అదే క్రిముల కుంపటవుతుంది.