తాతయ్యకు చెప్పలేకపోయిన కారు

"నువ్వు చెప్పొద్దమ్మా. నువ్వు చెప్తే అది నీ కారైపోతుంది" అని మా పదకొండేళ్ళవాడు ఫోన్ నా చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయాడు. అవతల సఖినేటిపల్లిలో నాన్నగారు "ఏమైందమ్మా, బాబు ఏడి?" అంటున్నారు.

తాతయ్యతో తెలుగే మాట్లాడాలని మా ఇంట్లో నియమం. పెట్టింది నేనే. ఆ వారమంతా వాడికి బ్యూక్ వై-జాబ్ తప్ప వేరే ధ్యాస లేదు. 1938లో జనరల్ మోటార్స్‌లో హార్లీ ఎర్ల్ చేయించిన కారది. ఒక్కటే చేశారు, అమ్మకానికి పెట్టలేదు. ఎర్ల్ ఏళ్ళ తరబడి తనే నడుపుకున్నాడు. అప్పటి కార్లకు పక్కన ఫుట్‌బోర్డు ఉండేది, దీనికి తీసేశారు. అద్దాలు కరెంటుతో దిగుతాయి, హెడ్‌లైట్లు మూతల వెనక దాక్కుంటాయి. ముందున్న నిలువు కడ్డీల గ్రిల్ 1942 నుంచి జనం కొనే బ్యూక్‌లకూ వచ్చింది. ఇదంతా వాడే నాకు చెప్పాడు, ఇంగ్లీషులో, ఊపిరి తిప్పుకోకుండా. తాతయ్యకు తెలుగులో చెప్పమంటే "కారు... పాతది... బాగుంటుంది" దగ్గర ఆగిపోయాడు. నేను మాట అందించబోయాను.

నాన్నగారు ముప్పై ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపారు. గోదావరి దాటడానికి నరసాపురం రేవులో మమ్మల్ని దింపేసి, పలకల మీద చక్రం అంగుళం పక్కకు పోకుండా కారును పంటు మీదికి, అంటే బండ్లు దాటించే పడవ మీదికి, ఎక్కించేవారు. వై-జాబ్ కబురు ఆయనకు కాక ఇంకెవరికి కావాలి? మధ్యలో అడ్డం నిలబడింది నా పట్టుదలే.

ఇంట్లో తెలుగే మాట్లాడండి, పిల్లలకు అదే వస్తుంది అని మాలాగే దేశం దాటి కొత్తగా వచ్చినవాళ్ళకు నేనే చెప్తుంటాను. కోపం వస్తే మాత్రం నేను తిట్టేది ఇంగ్లీషులో. నియమం తీసేస్తే వాడికున్న ఆ నాలుగు ముక్కలూ పోతాయేమోనని భయం. ఉంచితే తాతయ్యే దూరమైపోతాడేమోనని ఇంకో భయం. ఏది సరైనదో నాకిప్పటికీ తెలియడం లేదు.

నిన్న రాత్రి వాడే ఫోన్ తీసుకున్నాడు. మాటల్లేవు. రెండు గుప్పిళ్ళు కెమెరా ముందు పెట్టి మెల్లగా తెరిచాడు, మళ్ళీ మూశాడు.

"లైట్లా? అత్తిపత్తిలా ముడుచుకుంటాయా?" అన్నారు నాన్నగారు.

అత్తిపత్తి అంటే ఏంటని వాడు ఇంగ్లీషులోనే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆయన చెప్పులేసుకుని కాలవ గట్టు మీదికి వెళ్ళిపోయారు. ఫోన్ ఊగుతోంది, పక్కన కొబ్బరిచెట్లు, అక్కడ అప్పుడు ఆదివారం పొద్దుటి ఎండ. వంగి ఒక రెమ్మ తాకారు. ఆకులు ముడుచుకున్నాయి.

ఆ తర్వాత అరగంట, వాడు ఇంగ్లీషులో, ఆయన తెలుగులో. నేను ఆపలేదు.