హాట్ రాడ్‌కి రేడియల్సా, బయాసా?

నా హాట్ రాడ్‌కి, అంటే స్పీడు కోసం మార్పులు చేసుకున్న పాత కారు, 1931 ఫోర్డ్ మోడల్ ఏ కూపేకి టైర్లు మార్చే టైమొచ్చింది, టైర్లలో రెండు రకాలు, రేడియల్, బయాస్, ఏది వేయాలని ఇక్కడ కాలిఫోర్నియాలో ఎవర్నడిగినా తలో మాట చెప్తున్నారు, అందుకే నా లెక్క రాస్తున్నా.

బయాస్ టైర్లో దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి, సైడ్‌వాల్‌కీ (టైరు పక్క గోడ) ట్రెడ్‌కీ (రోడ్డుకి ఆనే భాగం) అవే పొరలు, సైడ్‌వాల్ వంగితే ట్రెడ్ కూడా కదుల్తుంది. రేడియల్లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి తిన్నగా ఉంటాయి, ట్రెడ్ కింద స్టీల్ బెల్టులు, సైడ్‌వాల్ ఎంత వంగినా ట్రెడ్ రోడ్డుని వదలదు. మన లారీ వాళ్ళు నైలాన్ టైర్లనేవి ఈ బయాస్‌వే. మిషెలిన్ 1946లోనే రేడియల్‌కి పేటెంట్ తీసుకుంది గానీ అమెరికా కార్లకి అవి మామూలైంది 70ల్లోనే, అంటే 40ల్లో ఇక్కడి ఎల్ మిరాజ్ ఎండు సరస్సు మీద రేసుల్లో పరిగెత్తిన హాట్ రాడ్లన్నీ బయాస్ మీదే.

అందుకే ఆ లుక్ వదులుకోవడం కష్టం. ముందు సన్నగా 5.60-15 (టైరు వెడల్పు, రిమ్ము సైజు, అంగుళాల్లో), వెనక ఎత్తుగా 8.20-15 వేస్తే బండి ముందుకి వాలి నిలబడుతుంది చూడండి, అబ్బా! మామూలు రేడియల్ వేస్తే కింద ఉబ్బి గాలి తగ్గినట్టుంటుంది.

కానీ ఇక్కడ ఫ్రీవేల్లో చాలాచోట్ల కాంక్రీట్‌కి పొడుగ్గా గాళ్ళు కోసుంటాయి, బయాస్ ఆ గాడి పట్టుకుని పోతుంది, స్టీరింగ్ దానంతటదే ఇటూ అటూ లాగుతుంటే రెండు చేతుల్తో సరిచేసుకుంటూనే ఉండాలి. రాత్రంతా నిలబెడితే నేలకి ఆనిన చోట చదునైపోయి పొద్దున్నే దడదడమంటుంది, వేడెక్కాక గానీ సర్దుకోదు. ఊళ్ళో తిరగడానికీ షోలకీ ఇవేం అడ్డు కావు, బయాసే వేస్కోండి. నేను పిల్లల్ని ఎక్కించుకుని ఫ్రీవే ఎక్కుతా కాబట్టి రేడియలే, అదీ పాత కార్ల టైర్ల కంపెనీ కోకర్ వాళ్ళు అమ్మే బయాస్ లుక్ రేడియల్, పైకి బయాస్‌లా కనిపించే రేడియల్ అన్నమాట.

రెండూ కలపొద్దు మాత్రం. ముందు రేడియల్ వెనక బయాస్ అయితే మలుపులో వెనక భాగం ముందే జారిపోతుంది, ప్రాణం మీదకొస్తుంది. పాత రిమ్ములైతే రివెట్లూ పగుళ్ళూ చూపించండి, ట్యూబ్ వేస్తే రేడియల్‌కి పనికొచ్చేదే అడగండి. స్టాక్‌లో ఎన్నేళ్ళుగానో పడున్నవి అంటగడతారు, సైడ్‌వాల్ మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ) నంబర్లో చివరి నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని.