11 అంగుళాలు

కోర్టు నియమించిన అడ్వకేట్ కమిషనర్ టేపు కొసను నా చేతికిచ్చి, రెండో కొసను ప్రహరీ దాకా లాగి, అంకెను బిగ్గరగా చదివారు. దస్తావేజులోని కొలతకూ దానికీ తేడా 11 అంగుళాలు. ఆ జాగాలో ఒక పగిలిన పూలకుండీ, కొన్ని ఎండుటాకులు తప్ప మరేమీ లేవు.

పక్కపక్కనే ఉండే రెండు కుటుంబాల్లో, గోడ తమ హద్దు దాటిందని ఒకరు శాశ్వత ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) కోరుతూ దావా వేస్తే, అవతలి వారు తమ కిటికీకి వచ్చే వెలుతురును అడ్డుకుంటున్నారని ప్రతిదావా వేశారు. పక్కవారి స్థలం విషయంలో ఉండే వాడుక హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏళ్లపాటు ఆటంకం లేకుండా అనుభవించిన వెలుతురు హక్కుగా మారుతుంది. అయితే ఆ కాలం దావాకు ముందు రెండేళ్లలోపు ముగిసి ఉండాలి కనుక, ఇప్పుడు ఇరుపక్షాలూ ఆ కిటికీ వయసును తేల్చే పాత ఫొటోల కోసం వెతుకుతున్నాయి. ఆ ఫొటోల్లో రెండు కుటుంబాలూ కలిసే ఉంటాయని నాకు తెలుసు, ఎందుకంటే వాటిలో కొన్ని నేనే తీశాను.

కొలతల కాగితం మీద సంతకాలు చేసేటప్పుడు ఒకరు వాడిన పెన్నును రెండోవారు ముట్టలేదు. నా జేబులోది తీసి ఇచ్చాను. తిరిగి ఇవ్వడం ఆయన మరిచిపోయారు, అడగడానికి నాకూ నోరు రాలేదు.