కాలిబాట విడిచిన రోజు

నిన్న కాలిబాటను విడిచి, పొదలను చీల్చుకుంటూ శిఖరానికి చేరుకున్నాము. కింద లోయలో ఆకులింకా ఎర్రగా, పసుప్పచ్చగా రాలుతుండగా, పైన అప్పటికే మోకాలి లోతు మంచు పేరుకుంది; ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుందని ఎప్పుడో చదివినది నిన్న చేతివేళ్లకు తెలిసివచ్చింది.

శరదృతువులో పడే తొలి మంచును నమ్మడం నా పొరపాటు. అది ఇంకా గట్టిపడి ఉండదు, పడిపోయిన మానుల మధ్య సందులను పైపైన కప్పి ఉంచుతుంది, అంతే. అలాంటి ఒక సందులో నా కాలు తొడ దాకా దిగబడి, బూటు రెండు దుంగల మధ్య ఇరుక్కుపోగా, చేతులతో మంచు తవ్వి దానిని బయటికి తీయడానికి పావుగంట పట్టింది. అంతకన్నా విసిగించినవి స్ప్రూస్ అనే సూదిలాంటి ఆకుల చెట్ల కొమ్మలు. పక్కకు తోసిన ప్రతిసారీ వాటి మీది మంచు మెడ వెనుక నుంచి చొక్కాలోకి జారి కరిగేది. తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని లాగేస్తుందని తెలిసి కూడా నూలు బనియను వేసుకున్నాను (సిగ్గుపడుతూనే రాస్తున్నాను).

శిఖరం మీద పొగమంచు తప్ప మరేమీ కనిపించలేదు. రాతి అంచున మాత్రం, గాలి వీచే దిక్కుకు ఎదురుగా, మంచు ఈకల్లా పెరిగి ఉంది. పెందలాడే చీకటి పడే కాలం కనుక రెండు గంటలకే వెనుదిరిగి, మా అడుగుల గుంటలనే పట్టుకుని దిగాము.