బోరు నీళ్లలో యురేనియం పరీక్ష: నా అనుభవం

మాది కడప జిల్లా వేముల మండలం. తుమ్మలపల్లె యురేనియం గని, మిల్లు, దాని వ్యర్థాల చెరువు అన్నీ మా చుట్టుపక్కలే. అరటి తోట వాడిపోతే చాలు, చెరువు వల్లే అంటారు కొందరు, అదంతా రాజకీయం అంటారు ఇంకొందరు. వినీ వినీ విసుగొచ్చి, మా నీళ్ల సంగతి కాగితం మీదే చూసుకుందామని బయల్దేరాను.

ముందు ఆ చెరువులోకి ఏం పోతుందో చదివాను. ఇక్కడి ఖనిజం సున్నం జాతి రాయిలో ఉంటుంది, యాసిడ్ పోస్తే సగం ఆ రాయే తాగేస్తుంది, అందుకని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపి వేడి, ఒత్తిడి మీద కరిగిస్తారు. టన్ను రాయికి అర కిలో యురేనియం కూడా రాదు, మిగతాదంతా మెత్తటి బురదై చెరువుకే. యురేనియం తీసేశారు కదా అనుకుంటాం గానీ రేడియం, థోరియం ఆ బురదలోనే ఉండిపోతాయి, రేడియం సగమవడానికే 1600 ఏళ్లు పడుతుంది. అందుకే చెరువు అడుగున నీళ్లు దిగకుండా పొర వేయాలి, చుట్టూ బోర్లు తవ్వి నీళ్లను ఎప్పటికప్పుడు చూస్తుండాలి.

ఇక పరీక్ష. నేను వెళ్లిన నీటి ల్యాబులో ఫ్లోరైడ్, నైట్రేట్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు) చేస్తారట, యురేనియం చేయరట. ప్రైవేటు ల్యాబుకు ఫోన్ చేస్తే మాకు ఎన్ఏబీఎల్ (ల్యాబుల పనితీరు చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందన్నారు, అయితే ఆ గుర్తింపు ఏ పరీక్షకు ఉందో విడిగా అడగాలి, యురేనియం ఆ జాబితాలో లేకపోతే ఆ సర్టిఫికెట్ మనకు గోడకు తగిలించుకోవడానికే. రేడియేషన్ మీటరు తెచ్చి బకెట్ దగ్గర పెడితే సరిపోదా అన్నాడు ఒకాయన. తాగే నీళ్లలో ఉండే మోతాదు దానికి అందదు, పైగా యురేనియంతో భయం ముందు కిడ్నీలకు, రేడియేషన్ తర్వాతి మాట.

శాంపిల్ పట్టడమే అసలు పని. కరెంటు వచ్చే వేళ చూసుకుని పోయి, మోటారు కాసేపు ఆడనిచ్చి, పైపుల్లో నిలిచిన నీళ్లు పోయాక బోరు మూతి దగ్గరే పట్టాలి, తొట్టిలోనో డ్రిప్పు పైపు చివరో కాదు. చిన్నాయన ముందురోజే డ్రిప్పుకు యాసిడ్ పెట్టినాడు, లాటరల్ (చెట్ల వరుస వెంట వేసే సన్న పైపు) రంధ్రాల చుట్టూ తెల్లగా పెచ్చు కట్టిందని. "పైపు కొసన పడితే ఏమవుతాదిరా, అవీ ఆ నీళ్లే కదా" అంటాడు. పైపుల్లో మిగిలిన యాసిడ్ కలిస్తే లెక్క తప్పుతుందని ఆయనకు చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బోరుకు రెండు బాటిళ్లు: ఒకదాంట్లో ల్యాబు వాళ్లిచ్చిన నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయాలి, లేకపోతే లోహం బాటిల్ గోడలకు అంటుకుంటుంది. రెండోది ఏమీ కలపకుండా, సల్ఫేట్, బైకార్బొనేట్ కోసం.

రిపోర్టులో లీటరుకు మిల్లీగ్రాముల్లో 0.0 అని మొదలయ్యే అంకె చూసి ఇంట్లో అందరూ హమ్మయ్య అన్నారు. కానీ తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితే 0.03, అంటే 30 మైక్రోగ్రాములు. ఇంటి బోరు దానికి లోపలే ఉంది, తోట బోరు దాటింది.

దాటితే చెరువు వల్లేనా? ఆ ఒక్క అంకె చూసి అనలేం, కడప రాళ్లలోనే యురేనియం ఉంది, నీళ్లలో సహజంగానూ దిగుతుంది. మిల్లులో వాడేది సోడియం లవణాలు కాబట్టి సోడియం, సల్ఫేట్, టీడీఎస్ కూడా పక్కన పెట్టుకుని చూడాలి, చెరువుకు ఎగువనున్న బోర్లతో పోల్చాలి, గని రాకముందు లెక్కలుంటే ఇంకా మంచిది. అందుకే ఆర్టీఐ పెట్టాను: పర్యావరణ అనుమతి ఉన్న ప్రాజెక్టు ఆరు నెలలకోసారి షరతుల అమలు మీద నివేదిక ఇవ్వాలి, అందులో నీటి వివరాలు అడిగాను. జవాబు రావాల్సి ఉంది. ఈలోగా ఎగువ ఊళ్లో బంధువుల బోరు శాంపిల్ కూడా పంపాను, వానలయ్యాక అన్నీ మళ్లీ పట్టాలి.

తోట దగ్గర కూలీలు తాగే నీళ్లకు ఆర్ఓ పెట్టించాం. కాచి తాగితే చాలనుకునేవాళ్లకు చెబుతున్నా, కాస్తే నీళ్లే ఆవిరవుతాయి, యురేనియం పోదు. ఆర్ఓ నుంచి బయటకు పోయే నీళ్లలో అది ఇంకా చిక్కగా ఉంటుంది. ఆ పైపును మేస్త్రీ తీసుకెళ్లి బర్రెల తొట్లో పెట్టాడు, వెంటనే పీకించాను.