మియా వెనకాలే పరుగు
రాత్రి ఆండ్రియా ఆర్నాల్డ్ తీసిన ‘ఫిష్ ట్యాంక్’ (2009) సినిమా చూశాను, ఇంకా తేరుకోలేదు. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో కౌన్సిల్ ఫ్లాట్లు (స్థానిక ప్రభుత్వం తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు), 15 ఏళ్ల మియా, కనబడినవాళ్లందరితో గొడవ. కెమెరా భుజాన వేసుకుని ఆ పిల్ల వెనకాలే పరిగెడతారు. ఫ్రేమ్ కూడా పాత టీవీలా ఇరుకు. ఖాళీ ఫ్లాట్‌లో ఒంటరిగా డాన్స్ ప్రాక్టీస్ చేస్తుంటే, వినబడేది తను పెట్టుకున్న పాటే. జాలిపడమని సినిమా ఎక్కడా అడగదు, అది నాకెంతో నచ్చింది.

మియాగా వేసిన కేటీ జార్విస్‌కు అంతకుముందు నటన తెలియదు. టిల్బరీ రైల్వే స్టేషన్‌లో బాయ్‌ఫ్రెండ్‌తో పోట్లాడుతుంటే చూసి ఎంచుకున్నారట! కథ వరుసలోనే షూటింగ్, స్క్రిప్టు కొంచెం కొంచెంగా ఇచ్చారు. అందుకేనేమో, తర్వాత ఏమవుతుందో తెలియని టెన్షన్ ఆ ముఖంలో అంత నిజంగా ఉంది.